కనుమ మరునాడు గట్టిగా ఊపిరి పీల్చండి

మా తమ్ముని కొడుకు బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగి. ఈ సంక్రాంతికి కర్నూలు వచ్చినాడు. కనుమ నాడు నాటుకోడి పులుసుతో రెండు ముద్దల సంగటి లాగించి, మిద్దె మీద మంచం వాల్చుకుని, తలకు తువ్వాల చుట్టుకుని పడుకున్నాడు. మధ్యాహ్నం రెండు గంటల ఎండ. నేను నీళ్ల ట్యాంకు నీడలో పేపరు చదువుకుంటున్నాను. వాని ఫోను టింగుమంది. చూసుకుని, లేచి కూర్చుని, నా చేతికిచ్చినాడు.

“పెద్దనాయనా, ఇది సూడు. నాకు మనసు బాగలేదంట.”

“ఎవరు సెప్పినార్రా?”

“కంపెనీ.”

చదివాను. శీతాకాలపు సెలవుల తర్వాత పనికి తిరిగొచ్చే ఉద్యోగులకు దిగులు సహజమట. చలి, మబ్బు, పొద్దు తొందరగా వాలడం మనసును కుంగదీస్తాయట. అందుకని కిటికీ తెరలు తీసి పెట్టుకోవాలట. రోజుకు ఇరవై నిమిషాలు ఎండలో తిరగాలట. వీలుకాకపోతే ఎండలాంటి వెలుతురిచ్చే దీపం ఒకటి కొనుక్కోవాలట, దాని మీద ఉద్యోగులకు పదిహేను శాతం తగ్గింపు. ఇంకా గట్టిగా ఊపిరి పీల్చి వదలాలి, నీళ్లు బాగా తాగాలి, పడుకోబోయే ముందు మూడు మంచి సంగతులు డైరీలో రాసుకోవాలి. చివర నవ్వే సూర్యుని బొమ్మ. దాని కింద ఎర్రక్షరాల్లో, సోమవారం నుంచి ఇంటి నుంచి పని రద్దు, అందరూ ఆఫీసుకు రావలెను.

ఆ మెయిలు రాసిన పుణ్యాత్మురాలో పుణ్యాత్ముడో జీవితంలో ఒక్క జనవరి కర్నూలులో గడిపి ఉండరు. మాకు చలి అంటే తెల్లవారుజామున గంట సేపు చెవులకు మఫ్లరు, పది దాటితే ఫ్యాను. మబ్బు కోసం మా తాతలు కప్పలకు పెండ్లిళ్లు చేశారు. మబ్బు పట్టి మనసు కుంగిన మనిషిని అరవై ఏండ్లలో నేను చూడలేదు. మబ్బు పట్టక కుంగినోళ్లు కావాలంటే ఊరికి వందమందిని చూపిస్తాను.

ఎండ దీపం సంగతి కట్టుకథ కాదు లెండి. 1984లో నార్మన్ రోజెంతాల్ అనే మానసిక వైద్యుడు, ఆయన తోటి పరిశోధకులు అమెరికాలో శీతాకాలపు కుంగుబాటును ఒక జబ్బుగా వర్ణించారు. దక్షిణాఫ్రికా ఎండలో పుట్టి పెరిగి, ఉత్తరాన చలిదేశానికి పోయి పడ్డ మనిషి ఆయన. అక్కడ అది నిజమైన బాధే. మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడే ఊళ్లలో పదివేల లక్సుల దీపం ముందు అరగంట కూర్చోబెడితే కొందరికి తెరిపి. కానీ నడినెత్తిన సూర్యుడున్నప్పుడు నేల మీద పడే వెలుతురు లక్ష లక్సులు. అంటే మా మిద్దె మీద ఆ కుర్రవాడు, పైసా ఖర్చు లేకుండా, పది దీపాల కింద పడుకుని ఉన్నాడు. మందు ఎక్కువై తువ్వాల చుట్టుకున్నాడు కూడా.

ఎండే మందయితే ప్రపంచానికి ఆసుపత్రి మేమే. ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో గని, శకునాల ఊళ్ల మధ్య దాదాపు ఆరువేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పరిచారు. 2017 నాటికి దేశంలోనే పెద్ద వాటిలో ఒకటి. మా ఎండను పలకల్లో పట్టి, తీగల్లో పెట్టి ఊర్లకు పంపుతున్నాం. ఆ కరెంటుతో వెలిగే ఆఫీసులో తెరలు దించి, ఏసీ పెట్టి, మా పిల్లోన్ని కూర్చోబెట్టి, నాయనా నీకు ఎండ తగ్గింది అంటున్నారు.

జనవరిలో మూడో సోమవారం ఏడాదికంతా దిగులు రోజని, దానిపేరు బ్లూ మండే అని కూడా మెయిలులో ఉంది. దీని పుట్టుక తెలుసుకోవాల్సిందే. 2005లో ఇంగ్లండులో స్కై ట్రావెల్ అనే టీవీ ఛానెల్ వాళ్లు విహారయాత్రలు అమ్ముకోవడానికి పత్రికలకు ఒక ప్రకటన పంపారు. క్లిఫ్ ఆర్నాల్ అనే ఆయన పేరుతో ఒక లెక్క చూపించారు. వాతావరణం, అప్పు, జీతం, క్రిస్మస్ అయిపోయి ఎన్నాళ్లయింది, కొత్త సంవత్సరపు ఒట్లు తప్పి ఎన్నాళ్లయింది, అన్నీ కలిపి గుణించి భాగిస్తే జనవరి మూడో సోమవారం తేలిందట. కార్డిఫ్ విశ్వవిద్యాలయం ఆయన మా దగ్గర పార్ట్‌టైం పాఠాలు చెప్పి పోయినాయన అని చేతులు దులుపుకుంది. శాస్త్రవేత్తలు నవ్విపోయారు. అయినా రోగం నిలబడింది. మందు అమ్ముకునేవాడే కనిపెట్టిన రోగం అంత తేలిగ్గా పోదు.

నవ్వుకుంటూనే క్యాలెండరు తిప్పాను. మూడో సోమవారం ఎప్పుడూ 15కీ 21కీ మధ్యే పడుతుంది. సంక్రాంతి 14నో 15నో. అంటే దొరగారి దిగులు సోమవారం, మా పిల్లలు పండగ ముగించుకుని పనిలో కూర్చునే సోమవారం దాదాపు ఒకటే. 2026లో అది జనవరి 19. గుడ్డోడు విసిరిన రాయి సరిగ్గా మామిడికాయకే తగిలింది. తగిలింది గానీ ఆ లెక్కలో మా ఇంటి బరువు యాడా లేదు.

ఆ బరువు చూడాలంటే ఆదివారం రాత్రి తొమ్మిదికి కర్నూలు కొత్త బస్టాండుకు రావాలి. ప్రతి పిల్లోని పక్కన ఒక అట్టపెట్టె ఉంటుంది, పురికొసతో నాలుగు పక్కలా బిగించి. అందులో నిప్పట్లు, అత్తిరాసలు, స్టీలు డబ్బాలో చెనిక్కాయల ఊరిబిండి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన జొన్నరొట్టెలు. పెట్టె బస్సులో ఎక్కదని క్లీనరు, ఎక్కాల్సిందేనని తల్లి. నాయన మాత్రం దూరంగా నిలబడి బస్సు టైర్లు చూస్తుంటాడు. కొడుకు పోతుంటే ముఖం చూడలేని నాయనలంతా టైర్లలో గాలి పరీక్షించేవాళ్లే. మా మరదలు తన కొడుకు చొక్కా గుండీ సర్దుతూ అడిగింది. “గుబులుగా ఉందా నాయనా?” వాడు “ఏం లేదు మా” అన్నాడు. లేదన్నాక కూడా ఆమె గుండీ వదల్లేదు.

గుబులు అనేది మాకు జబ్బు కాదు. ఫలానా తారీఖున, ఫలానా బస్టాండులో, ఫలానా నంబరు బస్సు కదిలేటప్పుడు వచ్చేది. వచ్చే కారణం అందరికీ తెలుసు. పని సుమారు మూడువందల అరవై కిలోమీటర్ల దూరంలో ఉంది, అమ్మ ఇక్కడ ఉంది. దీనికి ఊపిరి పీల్చి వదిలితే బస్టాండులో డీజిలు పొగ లోపలికి పోతుంది, అంతే.

ఇంకో మాట కూడా ఉంది, తల్లులెవరూ పైకి అనరు. మొన్న దీపావళి వారంలో, 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున, చిన్నటేకూరు దగ్గర హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే ప్రైవేటు బస్సు మోటారుసైకిల్‌ను తగులుకుని కాలిపోయింది. బస్సులో నిద్రపోతున్నవాళ్లు పందొమ్మిది మంది పోయారు. మా ఊరి పొలిమేర అది. అప్పట్నించి ఈ ఊర్లో రాత్రి బస్సెక్కించిన తల్లి తెల్లారి ఫోను వచ్చేదాకా పొయ్యి ముట్టించదు. మెయిలులో నిద్ర గురించి ఒక పేరా ఉంది. రోజుకు ఎనిమిది గంటలట. బిడ్డకు చెప్పారు సరే, ఆమెకెవరు చెప్తారు?

అయినా బెంగళూరు పోయే పిల్లోడు అదృష్టవంతుడు. వానికి మనసు ఉందని కంపెనీ ఒప్పుకుంది. లేకపోతే మెయిలు ఎందుకు పంపుతుంది? మా జిల్లా పడమటి దిక్కున వేలమంది ఇదే జనవరిలో పనికి తిరిగి పోతారు, వాళ్లకు మనసు ఉన్నట్టు యాడా రికార్డు లేదు.

నేను బడిపంతులుగా చాలా ఏండ్లు అటు దిక్కే పనిచేశాను. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద, ఆస్పరి. అక్కడ చలికాలంలో పనికి పోవడానికి ఒక పేరుంది. సుగ్గి. కన్నడం పక్కనే కదా, అక్కడ సుగ్గి అంటే పంట చేతికొచ్చే కాలం, పండగ. మా దిక్కున ఆ మాట సరిహద్దు దాటేసరికి పంట ఎవరిదో అయిపోయి, ఏరే చేతులు మావయ్యాయి. దసరా దాటితే పత్తి తీయడానికి, సంక్రాంతి దాటితే మిరపకాయలు తెంపడానికి గుంటూరు దిక్కుకు. ఊరు ఊరే ఐచరు బండ్లెక్కుతుంది. బండిలో జొన్నల మూట, సట్లు, దుప్పట్లు, కాళ్లు కట్టిన కోళ్లు, వాటి మధ్యలో బడి సంచి తగిలించుకున్న పిల్ల. ఇంటికి తాళం, తాళానికి కాపలా ఒక ముసలవ్వ.

“యాడికి రంగమ్మా?” అని అడిగితే “సుగ్గికి సార్” అంటారు. “ఊర్లో ఉండొచ్చు గదమ్మా?” అన్నానొకసారి, పంతులుగాని తెలివి. “ఉండి ఏం తినల్ల సార్, మీ చాకుపీసా?” అంది. ఆ తర్వాత ఎవరినీ అడగలేదు.

మా బడిలో దసరాకు కిటకిటలాడిన తరగతి జనవరి ఆఖరుకు సగం బెంచీలు ఖాళీ. హాజరు పట్టీలో వరసగా గైర్హాజరు గీతలు కొట్టీ కొట్టీ నాకు బొటనవేలు కాయ కాసింది. వలసపోయే ఇండ్ల పిల్లల కోసం సర్కారు సీజనల్ హాస్టళ్లు పెట్టింది. కొందరు ఉన్నారు. చిన్న తమ్మున్ని ఎత్తుకోవడానికి ఒక చెయ్యి కావాలి గనక చాలామంది ఆడపిల్లలు ఉండలేదు. ఉగాదికి వచ్చిన అయిదో తరగతి పిల్లనొకదాన్ని పిలిచి, చేతులు చూపించమన్నాను. వేళ్ల చివర్లు ఎర్రగా పొట్టు లేచి ఉన్నాయి. మంట తగ్గడానికి మజ్జిగ పూస్తారంట, కొబ్బరినూనె పూస్తారంట. “ఎట్లమ్మా ఓర్చుకున్నావు?” అంటే ఆ పిల్ల నాకు చెప్పిన ఉపాయం, అరవై ఏండ్లలో నేను విన్న ఒకే ఒక్క నిఖార్సైన ఆరోగ్య సలహా.

“ఏం లేదు సార్. కండ్లు తుడుసుకోగూడదు. అదొక్కటి గుర్తుంటే సాలు.”

మిరప చేలో దిగులు పడినా తుడుచుకోవడానికి లేదు. అయిదో తరగతి పిల్లకు తెలిసిన ఈ నియమం మీద ఏ కోచ్ ఎన్ని వారాల శిక్షణ ఇస్తాడో చూడాలని ఉంది.

మెయిలులోని మిగతా సలహాలు మా వాళ్లు ఎప్పుడో ఆచరణలో పెట్టేశారు. మూడు మంచి సంగతులు రాసుకునే డైరీ అన్నారు కదా, మా సీమలో ప్రతి ఇంట్లో ఉంది. దూలానికి చెక్కిన నోటుబుక్కు. ఎవరెవరు ఎంతెంత ఇచ్చారు, ఏ నెలలో ఇచ్చారు, నూటికి ఎంత వడ్డీ. రాత్రి పడుకోబోయే ముందు ఇంటాయన తీసి చూసుకుని ఒక్కొక్కరినీ తలుచుకుంటాడు. ఇంతకన్నా కృతజ్ఞత ఎట్లా ఉంటుంది? ఏకాగ్రత సాధన కావాలంటే తొలకరిలో తుగ్గలి మండలం జొన్నగిరికి రండి. వానపడ్డ చేలల్లో వందలమంది తల వంచుకుని, ఒక్క మాట లేకుండా, ఒక్కో అడుగే వేసుకుంటూ వజ్రాలు వెతుకుతుంటారు. గతం లేదు, భవిష్యత్తు లేదు, కంటి ముందున్న గులకరాయే జగత్తు. హిమాలయాల్లో కూడా అంత ధ్యానం జరగదు. ఫోనుకు దూరంగా ఉండమని సలహా ఇచ్చే యాప్ ఒకటి ఉంది, అది మా పిల్లోని ఫోనులోనే గంటకోసారి మోగుతుంది.

పనికి పోయేవాని సంక్షేమం మీద మా నేలలో ప్రయోగాలు కొత్త కాదు. 1876లో వానలు పోయాయి. ధాతు కరువు. 1877 జనవరిలో, అదీ జనవరే, వైస్రాయి లిట్టన్ పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర మద్రాసు ప్రెసిడెన్సీకి దిగాడు. కరువు పనుల్లో రాళ్లు కొట్టేవాళ్లకు, మట్టి మోసేవాళ్లకు తిండి ఎక్కువ పెడుతున్నారని, రోజుకు మనిషికి ఒక పౌను గింజలు, పైన కొద్దిపాటి చిల్లర సరిపోతుందని తేల్చాడు. పౌను అంటే నాలుగువందల యాభై గ్రాములు. అది తిని రోజంతా పార పట్టాలి. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అనే డాక్టరు, మనిషి బతకడానికే అది చాలదు, పని ఎక్కడిదని మొత్తుకున్నాడు. నెలల తరబడి కాగితాలు అటూ ఇటూ తిరిగి, ఎండాకాలంలో గానీ కూలి పెరగలేదు. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లాలో నాలుగో వంతు మనుషులు తగ్గిపోయారు. టెంపుల్ దొర దగ్గర యాప్ లేదు గాని తక్కెడ ఉంది. పనివాడు కుంగితే లోపం పనివానిలోనే ఉందనే సిద్ధాంతం మాత్రం అప్పటిదే. అప్పుడు పొట్ట మీద ప్రయోగించారు, ఇప్పుడు మనసు మీద.

అసలు కర్నూలు నుంచి సుగ్గికి పోయినవాళ్లలో పెద్ద కుటుంబం ఏదో తెలుసా? ప్రభుత్వం. 1937 నవంబర్ 16న మద్రాసులో శ్రీబాగ్ అనే ఇంట్లో కూర్చుని పెద్దమనుషులు సీమకు మాటలిచ్చారు. ఆ మాట పట్టుకుని 1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ఇండ్లు చాలక డేరాలు వేసి ఆఫీసులు నడిపారు. ఫైళ్లు డేరాల్లో, గుమస్తాలు డేరాల్లో, అచ్చం మిరప చేల గట్టున సుగ్గి గుడారాల్లాగే. మూడేండ్లు కాగానే, 1956 నవంబర్ 1న, సరిగ్గా పత్తి సుగ్గి మొదలయ్యే రోజుల్లో, మూటాముల్లె కట్టుకుని హైదరాబాదు పోయింది. రంగమ్మ ఏటా ఉగాదికి తిరిగొస్తుంది. ఆ కుటుంబం ఇంతవరకూ రాలేదు. మధ్యలో న్యాయ రాజధాని అని ఒక ఉత్తరం ముక్క వచ్చింది, ఊరంతా చదువుకున్నాం, దాచి పెట్టుకున్నాం.

కడపోళ్లను కదిలిస్తే ఇంకా బాగుంటుంది. మావాళ్లు పనికోసం బెంగళూరు పోవాల్సిన పని లేదు, పనే జమ్మలమడుగుకు వస్తాంది అని వాళ్లు దాదాపు ఇరవై ఏండ్లుగా చెప్తున్నారు. 2007 జూన్‌లో బ్రహ్మణి స్టీల్స్‌కు వైఎస్ రాజశేఖర రెడ్డి శంకుస్థాపన చేశారు. 2014 రాష్ట్ర విభజన చట్టం పదమూడో షెడ్యూలులో, కడప జిల్లాలో ఉక్కు కర్మాగారం కుదురుతుందో లేదో ఆరునెలల్లో పరిశీలించమని రాశారు. ఆ ఆరునెలలు డిసెంబరుకు ముగియాలి. 2018 డిసెంబర్ 27న కంబాలదిన్నెలో చంద్రబాబు నాయుడు రాయి వేశారు. 2019 డిసెంబర్ 23న సున్నపురాళ్లపల్లెలో జగన్‌మోహన్ రెడ్డి వేశారు. 2023 ఫిబ్రవరి 15న అదే సున్నపురాళ్లపల్లెలో ఆయనే ఇంకోసారి పూజ చేశారు. గమనించారా, మొదటిది తప్పితే అన్నీ చలికాలమే. ఎండాకాలం జమ్మలమడుగులో నిలబడి కొబ్బరికాయ కొట్టడం ఏ పార్టీకైనా కష్టం. కడప అంటేనే నాపరాళ్లు, దేశమంతా మా బండల మీదే నడుస్తుంది. పరాయి రాళ్లు తెచ్చి పాతాల్సిన అవసరం ఏమొచ్చిందో నాకు అర్థం కాదు. ఒక్కో రాయి పడినప్పుడు ఇరవై రెండేండ్ల పిల్లోడు బయోడేటా తిరగరాసుకున్నాడు. మొదటి రాయినాడు రాసుకున్న పిల్లోనికి ఇప్పుడు నలభై దాటి ఉంటుంది. వాని మానసిక ఆరోగ్యం ఎట్లుందో అడిగేవాళ్లుంటే అడగండి.

న్యాయంగా మాట్లాడుకుంటే, చలికాలంలో సీమకు వచ్చిన మాటల్లో ఒకటి నిలబడింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లెలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఏడాదికి వంద రోజులు. మావాళ్లు దాన్ని ఇప్పటికీ కరువు పని అనే పిలుస్తారు, టెంపుల్ దొర నాటి అలవాటు. కూలి తక్కువ, ఆలస్యం ఎక్కువ, అయినా చేసిన పని సొంత ఊర్లో. సాయంత్రం సొంత పొయ్యి. కొందరి సుగ్గి ఆగింది. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్తది తెచ్చి నూట ఇరవై అయిదు రోజులంది, విత్తనాలు, కోతల కాలంలో అరవై రోజుల దాకా పని ఆపొచ్చని కూడా అంది. మళ్లీ డిసెంబరే.

పెద్దలేమో పని ఇంకా చాలడం లేదంటున్నారు. 2023 అక్టోబర్‌లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి పడుచువాళ్లు వారానికి డెబ్బై గంటలు పనిచేయాలన్నారు. 2025 సంక్రాంతికి వారం కూడా లేదనగా ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ తొంభై గంటల మాట, ఆదివారం ఇంట్లో కూర్చుని పెండ్లాం ముఖం ఎంతసేపు చూస్తారనే మాట దేశమంతా మారుమోగాయి. అదే ఏడాది జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం రోజు పనిగంటల హద్దును తొమ్మిది నుంచి పదికి పెంచడానికి ఒప్పుకుంది. మా సుగ్గి జనం ఈ విషయంలో అందరికన్నా ముందున్నారు. పొద్దు పొడవక ముందు చేలో దిగి, పొద్దు గుంకినాక లేస్తారు, ఆదివారం లేదు. పెండ్లాం ముఖం చూసే బాధ కూడా లేదు. ఆమె పక్క సాలులో వంగి ఉంటుంది, కొంగు ముక్కుకు కట్టుకుని.

డాక్టర్లను ఎగతాళి చేస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. నిద్ర పట్టని వారాలు, తిండి పోని నెలలు, చచ్చిపోదామనే ఆలోచన, ఇవి నవ్వులాటకు పనికొచ్చేవి కావు. మా ఊర్లలో ఇప్పటికీ మనసు డాక్టరు అనరు, నరాల డాక్టరు అంటారు. పిచ్చోడనుకుంటారని. దిష్టి తీసి, తాయెత్తు కట్టి, గురువారం మంత్రాలయం పోయొచ్చి, అన్నీ అయినాక ఆఖరుకు పెద్దాసుపత్రికి తెస్తారు. ఆలస్యం అదే. 2022 అక్టోబర్ 10 నుంచి టెలి మానస్ అని కేంద్రం 14416 నంబరు నడుపుతోంది, ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. పైసా తీసుకోరు. అవసరం వచ్చినోళ్లు సిగ్గుపడొద్దు. నా గొడవ జబ్బుతో కాదు, జబ్బు కానిదానికి జబ్బు పేరు పెట్టి, చేసిన తప్పు మీద నవ్వే సూర్యుని బొమ్మ అంటించే వాళ్లతో. కొడుకును తల్లి నుంచి దూరం చేసే ఉత్తర్వూ, దూరమైతే దిగులు పడొద్దనే ఉపదేశమూ ఒకే మెయిలులో, ఒకే సంతకంతో వస్తే నవ్వక ఏం చేయాలి?

సోమవారం రాత్రి తొమ్మిదిన్నరకు పిల్లోడు ఫోను చేశాడు. పొద్దున అయిదింటికి బస్సు దిగి, స్నానం చేసి, నేరుగా ఆఫీసుకు పోయాడంట. సాయంత్రం ఏడింటికి, పని గంటలు అయిపోయినాక, మానసిక సంక్షేమ శిబిరం పెట్టారంట. కంప్యూటరులోనే. తప్పనిసరి. కెమెరా మూయకూడదు. ఢిల్లీ నుంచి ఒక మేడం వచ్చి అందర్నీ కండ్లు మూసుకుని, మనశ్శాంతి దొరికే చోటు ఊహించుకోమంది. వీడు మిద్దె, మంచం, తువ్వాల ఊహించుకుని గుర్రు పెట్టాడు. పక్క సీటు వాడు మోచేత్తో పొడిచి లేపినాడు.

“తర్వాత ఏమైంది రా?”

“ఇప్పుడు మీ మనసు ఎట్లుందో ఒక్క మాటలో టైపు చేయండి అనింది పెద్దనాయనా. అందరూ ఎక్సైటెడ్, గ్రేట్‌ఫుల్ అని కొట్టినారు. నాకు నిద్రమబ్బులో ఇంగ్లీషు తోచలేదు. గుబులు అని కొట్టినా.”

“ఏమనింది?”

“గుబులు అంటే ఏంటిది, మీ ఆంధ్రా పండగ వంటకమా అని అడిగింది.”

“నువ్వేమన్నావు?”

“అవును మేడం, మా అమ్మ చేసింది అన్నా. అయితే రేపు ఆఫీసుకు తెచ్చి అందరికీ పంచు అనింది.”

పక్కనుంచి మా మరదలు ఫోను లాక్కుంది. ఊరిబిండి డబ్బా మూత సరిగ్గా పెట్టినావా, ఎండలో పెట్టొద్దు, బూజు పడుతుంది అని చెప్తోంది.